అబద్ధమాడిన వ్యూఫైండర్

కుర్చీ చూపించినా కూర్చోలేదు ఆ పెద్దమనిషి. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని, చెమటలు కక్కుతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఫొటోగ్రఫీ పత్రిక నడిపే సంపాదకుడాయన.

"నా కొంప మునిగిందండీ. కెమెరా పోయింది. రేపు కంపెనీ ఇంజనీరు వస్తున్నాడు, దాన్ని పరీక్షించడానికి. చూపించలేకపోతే సమీక్షలు రాసే మా మాస్టారు అబద్ధాలకోరు అయిపోతారు!"

"ముందు సీట్లో కూర్చోండి సార్, ఖాళీ ఉంది," అన్నాడు కండక్టరు. సిటీబస్సు ఉద్యోగం ఎప్పుడో మానేశాడు గానీ, ఆ పేరు మాత్రం అతన్ని మానలేదు. ఇప్పుడు ప్రైవేట్ డిటెక్టివ్ దగ్గర సహాయకుడు. డిటెక్టివ్ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందని నమ్మే రకం.

ఆ డిటెక్టివ్‌ని అందరూ 'నిదానం' అంటారు. ఏ పనికీ తొందరపడడు. ఆ పేరుకి ఆయన మచ్చ తెచ్చుకున్నది ఒక్కసారే. అది ఈ కేసులోనే.

సంపాదకుడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఏ కెమెరా కొనాలన్నా పాఠకులు ముందు మాస్టారి సమీక్ష చదువుతారు. ఈ నెల ఆయన చేతికొచ్చింది ఒక మధ్యరకం కెమెరా. నేర్చుకునేవాడికి ఎక్కువ, వృత్తిలో ఉన్నవాడికి తక్కువ, సరదా ముదిరినవాడికి సరిగ్గా సరిపోయేది. పట్టు బాగుందని, తక్కువ వెలుతురులోనూ రంగులు చెదరలేదని మెచ్చుకున్నారు మాస్టారు. చివర్లో మాత్రం ఏకిపారేశారు. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలో, స్పష్టంగా కనబడింది కదా అని నొక్కితే ఫొటో మసకగా వస్తోందట. 'ఈ వ్యూఫైండర్ అబద్ధమాడుతోంది, కొనకండి' అని రాసేశారు.

"కంపెనీ అగ్గిమీద గుగ్గిలమైంది. లోపం చూపించండి, లేదా ఆయన్ని తీసేసి క్షమాపణ వేయండి అంటోంది. ఇంతలో బీరువాలో కెమెరా మాయం. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవులు మాస్టారి దగ్గరొకటి, ఆయన సహాయకురాలి దగ్గరొకటి. ఆ పిల్ల దొంగతనం చేసిందంటే నా మనసొప్పడం లేదు."

"పదండి, చూద్దాం," అన్నాడు నిదానం.

పరీక్ష గది ఇరుకైనదే గానీ శుభ్రంగా ఉంది. గోడకి అక్షరాల పటం, ఎదురుగా గడియారం, కిటికీ పక్కన పొడవాటి అరలో వరసగా కెమెరాలు. ఏటికొకటి చొప్పున పత్రిక కొని ఉంచుకున్నవి. అన్నిటికీ పేరు మీద నల్లటి టేపు అంటించి ఉంది.

"టేపు ఎందుకండీ, దెబ్బ తగిలిందా?" అన్నాడు కండక్టరు.

"పేరు చూస్తే మొహమాటం పుడుతుందని మాస్టారి నియమం," అన్నాడు సంపాదకుడి బావమరిది. ప్రకటనలు తెచ్చేది ఇతనే. "ఆ నియమాలతోనే నా ప్రాణం తీస్తున్నారు. ఆ కంపెనీ ప్రకటన ఇక రానట్టే."

"అందుకని కెమెరా మీరే తీశారా?" అన్నాడు నిదానం.

"అయ్య బాబోయ్! కెమెరా ఉండి, మంచిదని తేలితేనే కదండీ నాకు లాభం? పోతే నాకేం వస్తుంది?"

"ఒరేయ్, నోరు ముయ్యి," అన్నాడు సంపాదకుడు.

మాస్టారు లోపలికొచ్చారు. నిటారైన మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. వెనకాలే సహాయకురాలు టీ తెచ్చింది. "మాస్టారూ, చక్కెర లేనిది మీది," అంటూ కప్పు ఆయన చేతికే అందించింది.

"చదవడానికి తప్ప నాకు కళ్ళజోడు అక్కర్లేదు," అన్నారు మాస్టారు గర్వంగా. "ఆటోఫోకస్‌ని నమ్మను. కుడికన్ను ఆనించి, రింగు చేత్తో తిప్పి, ఇక ఇంతకంటే స్పష్టత రాదనుకున్నాకే నొక్కుతాను. అయినా ఫొటో మసక! అబద్ధమాడింది నేనా, ఆ కెమెరానా? లోపం బయటపడుతుందని కంపెనీవాళ్ళే ఎత్తుకుపోయారు."

"నిరుటి కెమెరాతో ఇబ్బంది రాలేదా?" అని అడిగాడు నిదానం.

"భేషుగ్గా వచ్చాయి. పత్రికలో చూసుకోండి."

నిదానం పాత సంచికలు తిరగేశాడు. ఫొటోలు నిజంగానే భేషుగ్గా ఉన్నాయి. తర్వాత సహాయకురాలి వైపు తిరిగాడు. "ఈ కెమెరా పరీక్షప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావామ్మా?"

"లేనండీ. మా అక్క పురిటికని సెలవు పెట్టాను. ఈ ఒక్కసారే." ఆమె ట్రే వంక చూస్తూ చెప్పింది.

నిదానం అర దగ్గరికి వెళ్ళి ఒక కెమెరా తీసి కంటికి ఆనించాడు. తర్వాత రెండోది, మూడోది. వ్యూఫైండర్ పక్కన గోరంత చక్రాన్ని వేలితో తడిమాడు. "ఇదేమిటి?"

"చూసేవాళ్ళ చూపుకి తగ్గట్టు తిప్పుకునేదండీ," అన్నాడు సంపాదకుడు. "కెమెరాకీ ఫొటోకీ దాంతో సంబంధం లేదు. కంటికి మాత్రమే."

"కండక్టరూ, వరసగా వీటిలోంచి ఆ గడియారం చూడు."

కండక్టరు ఒక్కొక్కటే చూశాడు. "మొదటిదాంట్లో బాగానే ఉందండీ. దీంట్లో కొంచెం మసక. దీంట్లో ఇంకొంచెం. ఆఖరిదాంట్లో అసలు గడియారం ఉందో లేదో కూడా తెలియట్లేదు గురువుగారూ!"

"చేతులకి దుమ్ము అంటిందా?"

"మిగతా అన్నిటిదీ అంటింది. ఆఖరిదానికి మాత్రం లేదండీ."

సహాయకురాలు ట్రే తీసుకుని గుమ్మం వైపు జరిగింది. సంపాదకుడు గడియారం చూసుకుంటూ, ఏదో ఒకటి తేల్చండి బాబూ అని వెంటపడ్డాడు. నిదానం తొందరపడ్డది అక్కడే. మాస్టారిని పక్కకి తీసుకెళ్ళి, తలుపు వేసి చెప్పాల్సిన మాటని అందరి ముందూ మొదలుపెట్టాడు.

"పోయిన కెమెరా ఇదే. గది దాటలేదు. పాతవాటి పక్కన, అదే నల్ల టేపుతో కూర్చుంది. దొంగ అయితే అమ్ముకునేది. దీన్ని పెట్టినవాళ్ళకి కావలసింది ఒక్కటే, ఇంజనీరు దీన్ని చూడకూడదు. చూస్తే కెమెరా బాగానే ఉందని తేలుతుంది."

"ఏమిటండీ మీరనేది?" మాస్టారి గొంతు లేచింది.

"చక్రం చూడండి మాస్టారూ. ఒక్కో కెమెరాలో ఏటికేడు కొంచెం కొంచెంగా తిరుగుతూ, ఈ ఏడు చివరికంటా వచ్చేసింది. తిప్పింది మీరే. ఇక తిరగడానికి చోటు లేక మీ కంటి మసక మిగిలిపోయింది, రింగు తప్పుగా ఆగింది. నిరుడూ చక్రం చాలా దూరమే తిరిగింది, అయినా ఫొటోలు స్పష్టంగా ఉన్నాయి. ఎలా? ఎవరో ఆటోఫోకస్‌తో మళ్ళీ తీసి, మీవాటి స్థానంలో పెడుతూ వచ్చారు. ఆ మనిషి ఈసారి సెలవులో ఉంది."



"మాస్టారూ, ఎడమకన్ను చేత్తో మూసుకుని ఈ అమ్మాయిని చూడండి."

మాస్టారు విసుగ్గానే మూసుకున్నారు. చూశారు. తల అటూ ఇటూ తిప్పారు. చెయ్యి దించలేదు.

"అమ్మాయీ," అన్నారు. "నీ మొహం ఉండాల్సిన చోట మొహం లేదు. చుట్టూ జడా, చున్నీ అన్నీ కనబడుతున్నాయి."

ఆ పిల్ల బావురుమంది. "మీ పరువు పోకూడదనే మాస్టారూ! రెండేళ్ళ నుంచి ఫొటోలు మసకగా వస్తున్నాయి. చెబితే చిన్నబుచ్చుకుంటారని నేనే మళ్ళీ తీసేదాన్ని. పత్రిక చూసుకుని మీరు సంతోషపడేవారు. ఇప్పుడు కెమెరా దాచి దొంగననిపించుకున్నా ఫర్వాలేదనుకున్నాను."

"మీకు షుగర్ ఉంది కదా?" అన్నాడు నిదానం. గొంతు బాగా తగ్గింది. "అది కంటి లోపలి తెరని తింటుంది. మామూలప్పుడు ఎడమకన్ను కప్పిపుచ్చింది. ఇక్కడేమో ఈ పిల్ల కప్పిపుచ్చింది. మీకు తెలిసే దారే లేకపోయింది."

మాస్టారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. ఆ నిటారు వీపు అంతలోనే వంగింది. అందరి ముందూ ఈ పని చేసినందుకు నిదానానికి తన మీద తనకే రోత పుట్టింది. కండక్టరు మొదటిసారి గురువుగారి మొహం చూడలేక కిటికీలోంచి బయటకి చూశాడు.

"సంపాదకుడుగారూ, రాసుకోండి," అన్నారు మాస్టారు. "కెమెరా బాగుంది. నిశ్చింతగా కొనుక్కోవచ్చు. చూసినవాడి కన్ను బాగాలేదు. క్షమించండి. కింద నా పేరు వెయ్యండి." తర్వాత అమ్మాయి వైపు తిరిగారు. "రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు తల్లీ. ఆయన చెప్పింది నాకు ఉన్నదున్నట్టు చెప్పు. ఈసారి దిద్దకు."

వారం తిరగకుండా ఆ పిల్ల నిదానం ఇంటికి వచ్చింది. మనిషి సగమైంది.

"ఎడమకన్ను కాపాడతామన్నారండీ. కుడిది ఇక రాదట. రెండేళ్ళ ముందు తీసుకొచ్చుంటే రెండూ దక్కేవన్నారు. పరీక్షలవుతుంటే మాస్టారు లోపలున్నారు, డాక్టరు ఈ మాట నాకొక్కదానికే చెప్పారు."

నిదానం అడగడానికి జంకాడు. "మాస్టారికి చెప్పావా?"

"చెప్పానండీ. రెండేళ్ళ మాట కూడా చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ఆ ఉన్న కంటితో నన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత టీ తెమ్మన్నారు, మామూలుగానే." ఆమె చున్నీ కొసతో మొహం తుడుచుకుంది. "తిట్టినా బాగుండేదండీ."

కండక్టరు లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.