మీగడలో నాడా

ఆ ఏడు ఇంగ్లండులో మా ఎసెక్స్ పల్లెలో చలి ఎంతంటే, మా కోడిపుంజు కూత గొంతులోనే గడ్డకట్టేది. దాన్ని పొయ్యి పక్కన కూర్చోబెడితే మధ్యాహ్నానికి కరిగి బయటికొచ్చేది. నవ్వండి, ఫరవాలేదు. రాజుగారూ పార్లమెంటువాళ్లూ ఒకరినొకరు నరుక్కుంటున్న రోజులవి. మా ఇంట్లో మాత్రం అంతకంటే పెద్ద గొడవ ఒకటుంది. వెన్న పడటం లేదు.

మా అక్క థామసిన్ పొద్దున్నుంచీ పీపాలో మీగడ చిలుకుతూనే ఉంది. దాని జబ్బలు దున్నపోతు మెడలంత ఉండేవి. అది చిలికితే పక్క ఊళ్లో గిన్నెలు కదిలేవి. అలాంటిది, పొద్దు వాలుతున్నా గుడగుడమని చప్పుడే తప్ప వెన్న పూసంత కూడా తేలలేదు.

"ఎవత్తో మంత్రం వేసిందే," అంది అక్క చెమట తుడుచుకుంటూ.

"నీ మొహం చూసి మీగడే జడుసుకునుంటుంది," అన్నాను.

అక్క నవ్వలేదు. గోడకున్న గుర్రపు నాడా పీకి నిప్పుల్లో పెట్టింది. ఎర్రగా కాలాక పట్టకారుతో తెచ్చి పీపాలో పడేసింది. మా వైపు ఇది అందరికీ తెలిసిన విరుగుడే. మంత్రం వేసిన మనిషి ఎక్కడున్నా ఒళ్లు కాలుతుంది. ఆ మంటకి తాళలేక, చీకటి పడేలోపు ఏదో ఒకటి అడగడానికని వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

సుర్రుమంది. మాడిన పాల వాసన ఇల్లంతా కమ్ముకుంది. దాని వెనకాలే ఇంకో వాసన... పందిని కోసినప్పుడు వెంట్రుకలు కాలుస్తారే, అలాంటిది.

తలుపు చప్పుడైంది.

పక్కింటి ఉర్సులా అవ్వ. నా అన్నవాళ్లు లేని మనిషి. కుడి చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"చిటికెడు ఉప్పుంటే పెట్టండే అమ్మా," అంది. మేమిద్దరం కళ్లప్పగించి చూస్తుంటే, "అలా చూస్తారేంటే? ఉప్పే కదా అడిగాను, మీ మొగుళ్లనడిగానా?" అని నవ్వింది.

"చేతికేమైంది?" అని అడిగింది అక్క.

"కుండ దించుతుంటే అంబలి ఒలికి..."

మాట పూర్తికాకుండానే అక్క కేక పెట్టింది. అంతే, సమాధుల్లో ఉన్నవాళ్లు తప్ప ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది. గుడ్డ లాగి చూశారు. చెయ్యి ఎర్రగా బొబ్బలెక్కి ఉంది. అవ్వని ఈడ్చుకెళ్లి చర్చి గంట గోపురం కింద రాతిగదిలో వేసి తాళం పెట్టారు. పొద్దున్నే జడ్జి దొర ముందుకి తీసుకెళతారు. అక్క సాక్ష్యం చెప్పాలి. చెబితే ఉరే.

జనం వెళ్లాక పీపా మూత తీశాం. నిండా వెన్న. పచ్చగా... మెత్తగా.

నాడా తీద్దామని చెయ్యి పెట్టాను. తగల్లేదు. మజ్జిగంతా వంచేశాం. వెన్నంతా పిసికి చూశాం.

నాడా లేదు.

"రవిక తాళ్లు వదులు చెయ్యవే, ఊపిరాడటం లేదు," అంది అక్క.

వదులు చేశాను. కొవ్వొత్తి దగ్గరికి తెచ్చాను.

వీపు నడుమ... నాడా. చర్మం కాలి, కమిలి... మేకుల బెజ్జాలతో సహా.

"అక్కా," అన్నాను గుసగుసగా. "నొప్పిగా లేదూ?"

"ఏంటి?"

దాని చెయ్యి వెనక్కి తీసుకుని వీపు మీద పెట్టాను. తడుముకుంది. ఒక కొస నుంచి ఇంకో కొసకి, మెల్లగా.

"నేనేం మంత్రం వెయ్యలేదే," అంది.

"తెలుసు."

"ఇది చూపిస్తే అవ్వని వదిలేస్తారు."

"నిన్ను ఉరి తీస్తారు."

గోపురం వైపు నుంచి అవ్వ దగ్గు వినిపిస్తోంది. ఆ చలిలో... ఆ రాతిగదిలో.

"ఏం చెయ్యమంటావే?" అంది అక్క.

నా నోరు ఒకసారి తెరుచుకుంటే మూయడానికి నలుగురు మగాళ్లు కావాలి. ఆ పూట మాత్రం చేతులే పనిచేశాయి. రవిక తాళ్లు పట్టుకుని బిగించాను. ముడి మీద ముడి వేశాను.

మర్నాడు జడ్జి దొర ముందు అక్క చూసింది చూసినట్టే చెప్పింది. నాడా వేశాను, అవ్వ వచ్చింది, చెయ్యి కాలి ఉంది. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఉరి తీసే రోజు బండి మా పక్కగానే వెళ్లింది. అవ్వ ఆపమంది. బండివాడు ఎందుకో ఆపాడు. శాపం పెడుతుందేమోనని జనమంతా వెనక్కి జరిగారు. మేమిద్దరమే ఉన్నచోట ఉండిపోయాం. అవ్వ అక్క మీదికి వంగింది.

"వీపెలా ఉంది తల్లీ?"

ఎంతో ఆప్యాయంగా అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకింకా రాలేదా?"

బండి కదిలింది.

అక్క పోయి చాలా ఏళ్లయింది. అవ్వ ఆ మాట అడిగిన రోజు నుంచి నా వీపు ఎవరూ చూడలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా రవిక విప్పనివ్వను, కోడలు తిట్టుకుంటుంది. ఏడాదికోసారి చేసే స్నానానికి తలుపు గడియ పెట్టుకుంటాను. చేత్తో తడిమి చూసుకోవచ్చు కదా అంటారేమో. మీరైతే తడుముకుంటారా?

నొప్పేం లేదు. అక్కకీ ఉండేది కాదు.