ఈయచెంబు చారు

పొద్దున్నే చెన్నై పెరంబూరులోని ఆ ఇంట్లో మిరియాల చారు ఘుమఘుమలాడుతోంది. సంయుక్తకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. అత్తగారు వాసవాంబ పూజగదిలోకి వెళ్లిందో లేదో, తన గ్లాసులోని చారు గబగబా హాల్లోని సింకులో ఒంపేసింది.

"నాలుగు దినాలుగా చూస్తాండాను," అని వెనక నుంచి వినిపించింది. సంయుక్త ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"అత్తమ్మా, అది..."

"నా చేతి వంట పట్టకపోతే మొగానే చెప్పు. కడుపుతో ఉండే పిల్లవని, నీకొక్కదానికే తగరపు ఈయచెంబులో కాచి ఇస్తే ఆడ పారబోస్తావా?" వాసవాంబ సింకు వైపు వేలు చూపించింది.

ఇంకెన్నాళ్లని దాస్తుంది? సంయుక్త ఫోన్ తీసి రెండు ఫొటోలు చూపించింది. ల్యాబులో ఆమె పనే అది. ప్రాణమున్న కణాల్లోకి ఒక పాలిమరును పంపిస్తుంది, లోపల సీసం తగిలితే అది పచ్చగా వెలుగుతుంది. పోయినవారం టిఫిన్ డబ్బాలో మిగిలిన చారును సరదాకి ఆ కణాల మీద వేసి చూసింది. సరదా అక్కడితో సరి.

"ఇది మా క్యాంటీన్ చారు, చీకటిగా ఉంది చూడండి. ఇది మన చెంబులోది." రెండో ఫొటో నిండా పచ్చటి చుక్కలు. "తగరంలో సీసం కలిపారత్తమ్మా. మళ్లీ మళ్లీ చేసి చూశాను."

"చాల్లే! మా అత్త కాలం నుంచీ ఈయచెంబులోనే కాస్తాండాము. ఎవురికేమైంది?"

"ఆ చెంబు కాదుగా ఇది."

వాసవాంబ వంటింటి వైపు చూసింది. పాతచెంబును ఖాళీగా పొయ్యి మీద మరిచిపోయి కరిగించింది తనే. కోడలికి నెల తప్పిందని తెలియగానే, వెతికి వెతికి వీధి అంగడిలో ఈ కొత్తది కొన్నదీ తనే.

"అయ్యో దేవుడా! నీకోసరమే కదమ్మా తెచ్చినాను! బిడ్డకు...?"

"నిన్న నా రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. సీసం కొంచెమేనట, ఆపేశాను కాబట్టి భయం లేదంది డాక్టరమ్మ. మీరు బాధపడతారనే చెప్పలేకపోయాను."

"బాధపడితే పడతాను, చస్తానా? ఆ పొద్దే చెప్పేదానికేం?" కళ్లు తుడుచుకుంటూ విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

సంయుక్త బ్యాగు జిప్పు తీస్తూ, మళ్లీ వేస్తూ హాల్లోనే తిరిగింది. ల్యాబుకు వెళ్లే రైలుకు టైమవుతోంది. వెళ్లబుద్ధి కావడం లేదు.

కాసేపటికి వాసవాంబ బయటికొచ్చింది. చేతిలో మూత బిగించిన చిన్న డబ్బా.

"స్టీలు గిన్నెలో మళ్లా కాచినాను. ఎత్తుకపొయ్యి నీ కణాల మీద పోసి చూడు. వెలగలేదంటేనే తాగు. నాకు ఫోన్ చెయ్యి, అందాక నాకు ముద్ద దిగదు."

సంయుక్త డబ్బా అందుకుంది. మూత తీసి, అక్కడే నిలబడి, నాలుక కాలుతున్నా ఆగకుండా మొత్తం తాగేసింది.

"ఏమ్మే, పరీక్ష చెయ్యొద్దా?" వాసవాంబ బిత్తరపోయింది.

"పరీక్ష చెంబుకేనత్తమ్మా. మీ చేతికెందుకు?"

వాసవాంబ కోడల్ని దగ్గరికి లాక్కుని భోరుమంది. ఆ రోజు సంయుక్తకు రైలు తప్పిపోయింది.