మంగళవారం సూది

ఉదయం 6:40కి ఫోన్ వచ్చింది. టూసాన్‌లోని ఒక జిమ్. ఆడవాళ్ల లాకర్ గదిలో షెర్రీ వోల్కాట్ శవం.

వయసు నలభై ఒకటి. సంచిలో సగం ఖాళీ అయిన చిన్న సీసా. లేబుల్ మీద, ‘పరిశోధనకు మాత్రమే. మనుషులకు వాడరాదు.’

కొవ్వు కరిగించే పెప్టైడ్. ఇంకా ప్రయోగాల్లోనే ఉన్న మందు.

మూడో రోజు ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. సీసాలో మందే ఉంది. షెర్రీ రక్తంలో మాత్రం ఇన్సులిన్. ఆమెకు షుగర్ లేదు. భర్త గ్లెన్‌కు ఉంది.

డిటెక్టివ్ మార్లిన్ క్విస్ట్ అతన్ని పిలిపించింది.

“ఆవిడ సీసా ముట్టుకున్నారా?”

“అది ఇంటికొస్తేగా. నేను తిడతానని జిమ్‌లోనే దాచుకునేది. మంగళవారం మంగళవారం అక్కడే పొడుచుకునేది. మొన్నటిది నాలుగో సూది. ముందు మూడుసార్లూ చెమటలు, వణుకు. అది అమ్మిన కోచ్, మందు పనిచేస్తోందని మోతాదు పెంచాడు.”

మార్లిన్ అతన్ని పూర్తిగా నమ్మలేదు. సీసాను భూతద్దం కింద పెట్టి చూసింది.

సాయంత్రం 4:15. జిమ్ ఆఫీసు. ఎదురుగా గ్లెన్, కోచ్ బ్రోడీ హస్కిన్స్. మార్లిన్ సీసాను బల్ల మీద పెట్టింది.

“ఇందులో వచ్చేది పొడి. నీళ్లు ఎక్కించడానికి రబ్బరు మూతకు ఒక పోటు. తర్వాత మోతాదుకో పోటు. అయిదు రంధ్రాలుండాలి. ఉన్నది ఒక్కటే. ఆ చెమటలూ వణుకూ ఇన్సులిన్‌వే. ఆవిడ వాడిన సీసా ఇది కాదు, ఎవరో మార్చారు. శవాన్ని ముందు చూసిందెవరు?”

“నేనే,” అన్నాడు బ్రోడీ.

“బయటి కెమెరాలో మీరు ఆ గదిలోకి వెళ్లింది 6:22. ఫోన్ చేసింది 6:40. ఆ పద్దెనిమిది నిమిషాలు?”

గ్లెన్ లేచాడు. బ్రోడీ వైపు అడుగేశాడు.

“నేనేం కలపలేదు,” అన్నాడు బ్రోడీ. “ఆన్‌లైన్‌లో ఒక పెట్టె కొన్నాను. ఆవిడ సంచిలో పెట్టింది వేరేచోట కొన్న సీసా. లోపల ఏముందో నాకేం తెలుసు?”

“తెలియకుండానే అమ్మారు. ఆ పెట్టెలోవి ఇంకెవరికిచ్చారు?”

బ్రోడీ కాగితం మీద అయిదు పేర్లు రాశాడు. ఆరోదాని దగ్గర పెన్ను ఆగింది.

“మా అమ్మకి.”

“మూడు రోజులుగా ఆవిడకు చెప్పలేదా?”

“ఎందుకని అడుగుతుందిగా.”

మార్లిన్ ఫోన్ అతని ముందుకు తోసి, అతను నంబరు కొట్టగానే స్పీకర్ నొక్కింది. ఏడో రింగుకు ముసలి గొంతు పలికింది.

“ఆ సీసానా? పోయిన నెలే చెత్తలో పారేశాన్రా. సూదులంటే నాకు భయం. నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు.”

బ్రోడీ మొహం కప్పుకుని ఏడ్చాడు. గ్లెన్ అతన్ని చూడలేక తల తిప్పుకున్నాడు.

మార్లిన్ జాబితాలోని మొదటి పేరుకు ఫోన్ కలిపింది.