కండలో మొలిచిన ఎముక

ఆ రోజు చేయాల్సిన పనులు: ఇంక్యుబేటర్‌లో నీళ్లు నింపాలి. పాత కణాలకు ఆహారం మార్చాలి. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చే కండ ముక్కను అందుకోవాలి. అమ్మకు ఫోన్ చేయాలి.

మొదటి రెండూ అయ్యాయి. మూడోది, కణజాలం కుళ్లకుండా వాడే ఫార్మాలిన్‌లో తేలుతూ వచ్చింది. దాంతో నాలుగోది మరిచేపోయాను.

"ఇందులో వేస్తే కణాలు చచ్చిపోతాయండీ! చల్లటి సెలైన్ సీసా పంపాం కదా?" అని థియేటర్ గుమ్మంలోనే అరిచాను.

"బయాప్సీలన్నీ ఇందులోనే వేస్తాం. చేతికి అదే అలవాటు," అంది థియేటర్ నర్సు, మాస్కు తీయకుండానే. "పొరపాటే. అంతలా అరవకండి. మీకది శాంపిల్. నాకు, మత్తెక్కేదాకా నా చెయ్యి వదలని మనిషి."

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ని నేను. శాంపిల్‌కి ఓ చెయ్యి ఉంటుందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

పేలుడులో నలిగిన కండను తిరిగి కట్టాల్సిన మూలకణాలు ఒక్కోసారి దారి తప్పి ఎముకను కడతాయి. ఎందుకో కనుక్కోవడమే మా ల్యాబ్ పని. ఆ ముక్క ఓ సైనికుడిది. అతని గాయం మళ్లీ శుభ్రం చేస్తారని తెలిసి, ఇంకో ముక్క అడగడానికి నేనూ ఆ నర్సూ వార్డుకు వెళ్లాం. బయట ముసురు.

"నా కండలో ఎముక మొలుస్తోందట కదా తమ్ముడూ? పిలవని చోట దిగబడటం మా బావమరిది తర్వాత దీనికే చెల్లింది," అన్నాడతను. "ముక్క ఇస్తాలే. ముందు మా చెల్లెమ్మకు సారీ చెప్పు. ఏడిపించావట."

"నేనేం ఏడవలేదన్నా! ఫార్మాలిన్ ఘాటు."

"సారీ అండీ," అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. మాస్కు చాటున నవ్విందేమో, చెవులు మాత్రం కదిలాయి.

"ఇది నా కాలికి పనికొస్తుందా?"

"లేదన్నా. తర్వాత వచ్చేవాళ్లకి."

అతను నా చేతిలోని అంగీకార పత్రం అందుకున్నాడు. "తర్వాత ఎవరూ రాకపోతే బాగుండు. సరే, తీసుకో."

ఈసారి ముక్క చల్లగా, క్షేమంగా చేరింది. కణాలు పెరిగాయి. ఈలోగా అతని రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకింది. ముసురు విడవకముందే పోయాడు.

ఆ సాయంత్రం ఆమె ల్యాబ్‌కు వచ్చింది. మాస్కు లేకుండా ఆ ముఖం చూడటం అదే మొదలు.

"అన్న కణాలు బతికున్నాయా?"

మైక్రోస్కోప్ ముందు నుంచి జరిగాను. చాలాసేపు చూసింది.

"రేపూ రావచ్చా?"

"రోజూ రండి," అన్నాను. "కణాల కోసమే కాదు. మీరు రావాలని నాకుంది."

"ఇలాంటి రోజున చెప్పే మాటేనా ఇది?"

"ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేను."

కళ్లు తుడుచుకుని, స్టూలు నా పక్కకు లాక్కుని కూర్చుంది.

మా పెళ్లికి వధువు తరఫున నిలబడాల్సిన అన్న లేడు. ఆ కణాలు ఎందుకు దారి తప్పుతాయో మాకిప్పటికి కొంచెమే తెలిసింది. ఎప్పుడైనా, ఎక్కడైనా మళ్లీ నడక నేర్చుకుంటున్న మనిషి మీకు కనబడితే, తన కాలికి పనికిరాదని తెలిసీ కండ కోసిచ్చిన ఆయన్ని ఒక్కసారి తలచుకోండి.