వెనక గదికి కిరాయి

జూలూరుపాడులో మేం కట్టుకున్న ఇల్లు చిన్నది. ముందు ఒక గది, దాని వెనక వంటిల్లు, వంటిల్లు దాటితే కిరాయికి ఇద్దామని వేయించిన ఇంకో గది. మా ఆయన ఆంథోని కరెంటు ఆఫీసులో లైన్‌మన్. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. వెనక గదిలో ఏ టీచరో, ఫారెస్టు గార్డో దిగితే ఆ కిరాయితో బ్యాంకు వాయిదా తీరిపోతుందని ఆశ. కానీ అది గోదారి భద్రాచలాన్ని ముంచిన ఏడు. వానలు విడవలేదు. గది అడిగేవాళ్లే లేరు. ఆంథోని అందులో తీగల చుట్టలు పడేసి బయట తలుపుకి తాళం వేశాడు. వంటింట్లోంచి ఉన్న తలుపుకి మా వైపు గడియ పెట్టాం.

ఆ నెల వాయిదా కట్టడానికి మా దగ్గర సగం డబ్బే ఉంది. గడువు అడుగుదామని ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. క్లర్కు వెంకటరామారావు గారు మా పాసుబుక్కు చూసి, "మీ ఖాతాలో నూట యాభై పడ్డాయి కదమ్మా, ఇంకా గడువెందుకు?" అన్నారు.

"మేం వెయ్యలే సార్."

"మీరు కాదు. మీ ఇంట్లో కిరాయికున్నాయన వేశాడు. వెనక గది కిరాయి అన్నాడండీ."

ఆంథోని నవ్వాడు. "మా ఇంట్ల కిరాయికి ఎవ్వరు లేరు సార్. ఇంకెవరిదో మాకు పడ్డట్టుంది."

"మీ పేరు, ఖాతా నంబరు అన్నీ తప్పులేకుండా చెప్పాడండీ. గోనెసంచి తలమీదుగా కప్పుకుని వచ్చాడు, ముఖం సరిగా కనపళ్లేదు. నోట్లు మాత్రం ముద్దగా తడిసిపోయి ఉన్నాయి. ఫ్యాను కింద ఆరబెట్టాం." ఆయన స్టాంపు వేస్తూ అన్నారు, "ఎవరైనా వచ్చి అడిగితే అప్పుడు ఇద్దురుగాని."

ఎవరూ అడగలేదు. ఆ డబ్బు కలిపి వాయిదా కట్టేశాం. నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకు సంతోషమే వేసింది.

ఇంటికొచ్చి గది తీసి చూశాం. తీగల చుట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కప్పు ఎక్కడా కారలేదు. కానీ తడిసిన గోనెసంచి వాసన... దానికింద సన్నగా పొయ్యి పొగ వాసన. ఆంథోని కిటికీ తెరిచి, "వాన వాసన," అన్నాడు.

ఆ తర్వాత పొద్దు గూకే వేళల్లో వెనకనించి చిన్న చిన్న చప్పుళ్లు వచ్చేవి. గిన్నె నేలమీద పెట్టినట్టు. ఎవరో గొంతు సవరించుకున్నట్టు. నేను మిషను ఆపితే అవీ ఆగేవి. మళ్లీ తొక్కితే మొదలయ్యేవి.

మరుసటి నెల కూడా డబ్బు పడింది.

అదే వారం పక్కింటి ఆదెమ్మ గోడమీదుగా పలకరించింది. "ఏం రిబ్కా, గది కిరాయికి ఇచ్చినవంట, ఒక్క మాటన్న చెప్పకపోతివి. మంచిదే పాపం ఆమె. నిన్న నిప్పు అడిగితే రెండు బొగ్గులిచ్చిన."

"ఎవరత్తా? ఎట్లుంది?"

"ముఖం యాడ చూసిన? కొంగు కప్పుకున్నది. చేతులు మాత్రం బాగ నానిపోయినయి... బట్టలు ఉతికొచ్చిందేమో."

ఈ జాగాలో ముందు ఏముండేదని అడిగాను. జొన్నచేను తప్ప ఏమీ లేదంది. ఎవరూ చావలేదు, ఎవరూ ఉరేసుకోలేదు. తర్వాత నేను ఎంతమందిని అడిగినా ఇదే మాట.

సాయంత్రం ఆంథోనికి చెప్పాను. ఈసారి నవ్వలేదు. మర్నాడు బ్యాంకుకు వెళ్లి ఆ డబ్బు తీసుకొచ్చి, వెనక గది నేలమీద పెట్టి, దానిపైన రాయి ఉంచాడు. ఖాళీ గదిలోకి గట్టిగా అన్నాడు. "మీ పైసలు మీరు తీస్కపోండ్రి. మేం గది ఇయ్యం."

లోపల ఏ చప్పుడూ లేదు. తెల్లారేసరికి రాయి ఉంది. నోట్లు లేవు. తాళం వేసినట్టే ఉంది.

పీడ వదిలిందనుకున్నాం. నేను కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన కూడా చేసుకున్నాను. తర్వాతి వాయిదాకి మేం కష్టపడి కూడబెట్టిన డబ్బుతో బ్యాంకుకు వెళితే వెంకటరామారావు గారు మమ్మల్ని చూడగానే అడిగారు.

"ఇల్లు ఖాళీ చేస్తున్నారటగా?"

ఆంథోని తెచ్చిన డబ్బు కౌంటరు మీద పెట్టాడు.

"ఈసారి ఎక్కువే కట్టాడండీ. ఇల్లు మొత్తానికి అన్నాడు. మీరెప్పుడు ఖాళీ చేస్తారో మిమ్మల్ని కనుక్కోమన్నాడు."

ఇంటికొచ్చేసరికి వాన. కరెంటు లేదు. బుడ్డి దీపం వెలిగించుకుని ముందు గదిలో మంచంమీద కూర్చున్నాం. వంట చేయడానికి నాకు లేవబుద్ధి కాలేదు. చీకటి పడుతోంది.

వెనక గదిలో తీగల చుట్టలు ఈడుస్తున్నారు. ఒకటి తర్వాత ఒకటి, గోడవారకి... జాగా చేసుకుంటున్నట్టు.

తర్వాత ఆగింది.

వంటింటి తలుపు గడియ మెల్లగా జరిగింది. మా వైపున్న గడియ.

తడి అడుగులు. మూకుడు తీసిన చప్పుడు. ఎసట్లో బియ్యం పోసిన చప్పుడు. గోనెసంచి వాసన గదంతా నిండింది...

ఆంథోని కళ్లు మూసుకుని ఉన్నాడు. చాలా మెల్లగా అడిగాడు.

"రిబ్కా... పొయ్యికాడ నువ్వేనా?"

"నేను నీ పక్కనే ఉన్న."

నా చెయ్యి పట్టుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. వానలోనే రోడ్డెక్కి, వచ్చిన లారీ ఆపి, పెనుబల్లిలో మా అమ్మ సంపూర్ణ ఇంటికి వెళ్లిపోయాం.

అమ్మ మా తలలు తుడిచింది. తన గది మాకిచ్చి తను వసారాలో పడుకుంది. అక్కడ ఏ చప్పుళ్లూ లేవు. మెల్లగా నాకు నిద్ర పట్టసాగింది.

వానలు తగ్గాక, కుట్టుమిషనూ సర్టిఫికెట్లూ తెస్తానని ఆంథోని పొద్దున్నే బస్సెక్కాడు. సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అమ్మ మంచినీళ్లిచ్చింది. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"మిషను ఏదయ్యా?" అని అడిగాను.

"లోపటికి పోలే."

"ఎందుకు?"

"వాకిలి ఊడ్చి ముగ్గేసి ఉంది. తీగమీద బట్టలు ఆరేసి ఉన్నయి. ఎండ ఫెళ్లున కాస్తుంది రిబ్కా... అయినా వాటినించి నీళ్లు కారుతనే ఉన్నయి." గ్లాసు కింద పెట్టాడు. "తలుపు కొట్టిన. లోపట్నించి ఆడమనిషి, ఎవరు, అన్నది. నేను ఇంటోణ్ణి అన్న."

"ఏమన్నది?"

ఆంథోని మా అమ్మవైపు చూశాడు. తర్వాత తెరిచి ఉన్న వీధి తలుపువైపు చూశాడు.

"మా ఆయన ఇంట్ల లేడు, అన్నది. పెనుబల్లి పోయిండంట. ఆడ గది దొరికిందంట."