ఆపరేషన్‌కు ముందు

గోడకు మేకు మిగిలింది. ఫోటో లేదు.

1964 జూలై. ఆస్పత్రి వరండా. ఉదయం ఎనిమిదిన్నర. సబ్ ఇన్‌స్పెక్టర్ కామాక్షయ్య మేకును కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. మిగతా పదకొండు ఫోటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్నీ బోదకాళ్లు. ప్రతి రోగికీ రెండు: ఆపరేషన్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి.

"పదకొండింటికి ఢిల్లీ కమిటీ వస్తోంది," అన్నాడు సర్జన్ హెబ్రోను. "గ్రాంటు వస్తే ఈ అల్లూరులోనే నాకు సొంత రీసెర్చ్ యూనిట్. మూడేళ్లలో ప్రొఫెసర్‌ని. ఆరుగురికి ఆపరేషన్ చేశాను, ఆరుగురికీ నయమైంది. ఒక్క మరణం లేదు. దానికి సాక్ష్యం ఈ గోడే."

"పోయింది ఎవరి ఫోటో?"

"గంగులయ్య కుడికాలు. ఆపరేషన్‌కు ముందుది."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"డాక్టర్ విజయభాస్కర్. ఇదే గ్రాంటుకు అతనూ అప్లై చేశాడు."

హెబ్రోను కంప్లయింటు రాసి సంతకం పెట్టాడు.

కామాక్షయ్య వెళ్లి అడిగితే విజయభాస్కర్ నవ్వాడు. "నేనైతే పన్నెండూ ఎత్తుకుపోయేవాణ్ణి ఇన్‌స్పెక్టర్ గారూ. ఒక్క కాలు తీసుకెళ్లి ఏం చేసుకుంటాను?"

నిజమే. ఒక్క కాలి మీద అంత కసి ఎవరికి?

కామాక్షయ్య నర్సు రెబెక్కమ్మను పిలిచాడు.

"పొద్దున వరండాలోకి ఎవరొచ్చారు?"

"చేపల మాల్యాద్రి. మా వంటింటికి చేపలు తెస్తాడు."

"వెళ్లిపోయాడా?"

"లేదండీ. మెట్ల మీద కూర్చోనుండాడు."

"అతని వాళ్లెవరైనా ఇక్కడ ఉన్నారా?"

ఆమె తల దించుకుంది. "పెళ్లాం చెంచమ్మ ఉండింది. పోయినేడు కాలు ఆపరేషనైనాక చనిపోయింది."

"ఒక్క మరణం లేదన్నారే?"

రెబెక్కమ్మ మెట్ల వైపు చూసింది.

అడగకముందే మాల్యాద్రి చేపల తట్టలో తాటాకు తొలగించి ఫోటో తీసిచ్చాడు.

"పారిపోలేదేమయ్యా?"

"పారిపోయేదానికా సార్ నేను తీసింది?"

కామాక్షయ్య ఫోటోను ఎండకు పట్టి చూశాడు. మళ్లీ లోపలికెళ్లి రెబెక్కమ్మను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అవునండీ," అందామె. "నేనే కత్తిరించినాను."

సరిగ్గా పదకొండు. కమిటీ ఛైర్మన్ ఎదురుగా హెబ్రోను. తలుపు దగ్గర కబురందుకుని వచ్చిన గంగులయ్య, పక్కన మాల్యాద్రి. కామాక్షయ్య ఫోటోను బల్ల మీద పెట్టాడు.

"ఇది గంగులయ్య కాలేనా డాక్టరు గారూ?"

"సంతకం పెట్టి ఇచ్చాను కదా."

"గంగులయ్యా, నువ్వెప్పుడైనా మెట్టెలు పెట్టుకున్నావా?"

గంగులయ్య తెల్లబోయాడు. "నేనా? మా ఆడది యింటే నవ్వి చస్తాది సార్."

"ఆపరేషన్‌కు ముందు నీకు ఫోటో తీశారా?"

"లేదు సార్. మానినాకే తీసినారు."

కామాక్షయ్య ఛైర్మన్ వైపు తిరిగాడు. "బొటనవేలి పక్క వేలు చూడండి. వాచిన కండలో చుట్టూ గాడి. ఏళ్ల తరబడి మెట్టె ఉన్న చోటు. వాపుకు అది ఊడి రాలేదు. ఆపరేషన్ రోజున రెబెక్కమ్మ గారు కత్తిరించి తీశారు. మెట్టె తీశాక, కత్తి పెట్టకముందు తీసిన ఫోటో ఇది. ఇది చెంచమ్మ కాలు. చచ్చిపోయిన మనిషి కాలు 'ముందు', బతికిన మనిషి కాలు 'తర్వాత'. డాక్టరు గారు క్రైస్తవులు, వాళ్లింట్లో మెట్టెలు పెట్టుకోరు. అందుకే ఆయన కంటికి ఆ గాడి ఆనలేదు."

హెబ్రోను లేచాడు. "వాడు దొంగ. అరెస్టు చెయ్యండి."

"మీ కంప్లయింటు ప్రకారం పోయింది గంగులయ్య కాలు. అది ఇంకా దొరకలేదు."

ఛైర్మన్ ఫైలు మూసి, పెన్నుకు మూత పెట్టాడు.

"ముందే స్టేషన్‌కు వచ్చి చెప్పకపోయావా?" అన్నాడు కామాక్షయ్య మాల్యాద్రితో.

"చేపలోడు చెబితే ఎవరు నమ్ముతారు సార్?" మాల్యాద్రి గొంతు పెంచలేదు. "ఫోటో పోతే, అది గంగులయ్య కాలని ఆయనే రాసి సంతకం పెట్టాల. ఆ పొద్దు కోసమే ఏడాది ఈయన ఆస్పత్రికి వంజరం చేపలు మోసినా."

కామాక్షయ్య ఫోటోను అతని చేతికిచ్చాడు. మాల్యాద్రి దాన్ని తుండుగుడ్డతో తుడిచాడు. చెంచమ్మకు వేరే ఫోటో లేదు.

వెళ్తూ మాల్యాద్రి వరండాలో ఆ గోడ ముందు ఆగాడు.

"ఇంకా పదకొండుండాయి సార్. అయ్యి ఎవరి కాళ్లో గూడా అడగండి."