నలభై చెంచాల నీళ్ళు

“సుయున్చు! సుయున్చు!”

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. ఉలర్ ఒక కాలికి మేజోడుతో, ఇంకో కాలికి అది కూడా లేకుండా వంటింట్లోకి దూసుకొచ్చాడు. చేతిలో ఫోన్.

మంచి కబురు తెచ్చినవాడు ఆ మాట అరిచాడంటే చేతిలో ఏదో ఒకటి పెట్టి తీరాలి. పెట్టందే కబురు బయటికి రాదు.

మీరిమ్ టీ వంపుతూ ఆగిపోయింది. పెళ్ళయి పంతొమ్మిది రోజులు. పొద్దున్నే ఈ మనిషి ఎదురుపడితే ఇప్పటికీ ఆమెకు నవ్వు ఆగదు.

“ముందు కానుక,” అన్నాడు ఉలర్.

అత్తగారు జేబులోంచి ఒక ఎండు ఆప్రికాట్ తీసి కొడుకు చేతిలో పెట్టింది. “ఇదిగో. కబురు దీనికంటే పెద్దదైతే మిగతాది సాయంత్రం.”

“కుక్కపిల్ల రెడీ అమ్మా! ఎసెన్‌కుల్ గారు ఫోన్ చేశారు. పదకొండింటికి బిష్కెక్ నుంచి కమిషన్ వచ్చి జాతి కాగితాలు రాస్తుందట. పన్నెండింటికి వచ్చి పట్టుకుపొమ్మన్నారు.”

మీరిమ్ నవ్వింది. కానీ ఆ నవ్వు సగంలోనే తగ్గింది.

పంతొమ్మిది రోజుల్లో పద్దెనిమిది రోజులు ఇద్దరూ వాదించుకున్నది ఈ కుక్క గురించే. అతనికి తైగాన్ కావాలి. తాతల నాటి వేటకుక్క. ‘మనం పెంచకపోతే ఆ జాతిని ఎవరు నిలబెడతారు?’ అంటాడు. ఆమెకు ఏటి అవతలి షెల్టర్ నుంచి తెచ్చుకోవాలని. ‘నలభై మూడు కుక్కలు ఇల్లు లేక పడుంటే, జాతి కాగితాల కుక్క కోసం క్యూ కట్టడం ఏమిటి?’ అంటుంది. చివరికి ఆమే తగ్గింది. అతని కళ్ళు చూసి తగ్గింది, వాదన విని కాదు.

ఎనిమిదీ అయిదుకి ఆమె ఫోన్ మోగింది. కరకోల్ పోలీస్ స్టేషన్.

“కెప్టెన్, దొంగతనం. ఎసెన్‌కుల్ కెన్నెల్. తైగాన్ పిల్లలు అయిదూ పోయాయి.”

ఉలర్ టీ గిన్నె కింద పెట్టేశాడు.

“ఆ కెన్నెల్లో మేం కుక్కపిల్లని బుక్ చేసుకున్నాం. కేసు ఇంకొకరికి ఇవ్వండి,” అంది మీరిమ్.

“ఇంకొకరెవరున్నారు? అస్కత్ గొర్రెల దొంగతనం కేసు మీద కొండెక్కాడు. ఎల్లుండి గానీ దిగడు.”

* * *

ఎనిమిదీ నలభై అయిదు. అక్టోబర్ 13.

రాత్రి రెండింటి దాకా వాన. తర్వాత ఆకాశం తేటపడి, నాలుగు దాటాక మంచు పట్టింది. గోడ నీడలో గడ్డి ఇంకా తెల్లగానే ఉంది.

ఎసెన్‌కుల్ కుడికాలు ఈడుస్తూ ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఆ ఇల్లు తైగాన్లకు పేరు.

“చూశావా చెల్లెమ్మా? నా కొంప ముంచేశారు.”

షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల తల్లి కుక్క ఒక్కతే గడ్డి వాసన చూస్తూ గిరగిరా తిరుగుతోంది. గుమ్మం పక్కన గడ్డిమీద విరిగిన తాళం.

“ఎప్పుడు జరిగింది?”

“రాత్రి పన్నెండూ ఇరవైకి. చప్పుడయింది. కిటికీలోంచి చూశాను. తెల్ల వ్యాన్.”

“ఎవరిది?”

“ఈ ఊళ్ళో తెల్ల వ్యాన్ ఎవరికుంది? ఆ షెల్టర్ లిడియాకి. పోయిన నెల నా గేటు ముందు నిలబడి ‘కుక్కల్ని ఈనించి అమ్ముకునే కార్ఖానా’ అని అరిచింది. ఊరంతా విన్నారు.”

“అప్పుడే పోలీసులకి ఎందుకు ఫోన్ చెయ్యలేదు?”

“దొంగతనమని అప్పుడు అనుకోలేదు. పొద్దున్నే చూసుకున్నాను.”

“ఎన్నింటికి?”

“ఏడున్నరకి.”

మీరిమ్ చేతి రుమాలుతో తాళం పైకెత్తింది. దాని కింద నేల చూసింది. ఫోటో తీసింది. టైమ్ నోట్ చేసుకుంది. 8:52.

“ఇంట్లో ఇంకా ఎవరున్నారు?”

“మా అమ్మ. అంతే. మా అమ్మాయి పురిటికి నా భార్య బిష్కెక్ వెళ్ళింది.”

వరండాలో ముసలావిడ కూర్చుని ఉంది. పేరు ఉమ్సునాయ్. తెల్ల తలగుడ్డ. ఒళ్ళో చేతులు ముడుచుకుని ఉంది. బూట్లకి మోకాళ్ళ దాకా బురద.

“రాత్రి ఏమైనా విన్నారా అవ్వా?”

“నాకు చెవులు సరిగ్గా వినపడవు తల్లీ,” అంది ముసలావిడ. మీరిమ్ ఆ ప్రశ్న అడిగింది మాత్రం చాలా మెల్లగా.

* * *

తొమ్మిదీ నలభై. ఏటి అవతల షెల్టర్.

గేటు దగ్గరే లిడియా ఫ్యోదరోవ్నా పెద్ద కుండలో అంబలి కలుపుతోంది. అరవై రెండేళ్ళ రిటైర్డ్ నర్సు. యూనిఫాం చూడగానే గరిటె పైకెత్తింది.

“మళ్ళీ ఎవరు రాశారు కంప్లైంట్?”

“అయిదు కుక్కపిల్లల గురించి వచ్చాను.”

“ఆ పెట్టె గురించా? రా. వారానికో పెట్టె పడేసి పోతారు మహానుభావులు. ఇది పొద్దున అయిదున్నరకి చూశాను.”

దాచలేదు. తడబడలేదు. నేరుగా లోపలికి తీసుకెళ్ళింది.

పొయ్యి పక్కన అట్టపెట్టె. పొడిగా ఉంది. అంటే వాన ఆగాకే గేటు దగ్గరికి చేరింది. లోపల ఎర్ర దుప్పటి ముక్క. నాలుగు పిల్లలు ఒకదానిమీద ఒకటి పడుకుని నిద్రపోతున్నాయి.

“అయిదు అన్నారు.”

లిడియా బల్లవైపు చూపించింది. అక్కడ తువ్వాలు చుట్టిన చిన్న మూట.

“చలికి. నేను తీసేసరికే బిగిసిపోయింది. గంట సేపు రుద్దాను.” అంబలి కుండవైపు మొహం తిప్పుకుంది.

మీరిమ్ పెట్టెలోని నాలుగింటినీ, బల్ల మీది మూటనీ చూసింది. వాటిలో ఏది తమదో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

“ఇవి ఎసెన్‌కుల్ తైగాన్లు, లిడియా ఫ్యోదరోవ్నా. మీరు దొంగిలించారని రాసిచ్చాడు.”

“తైగాన్లా? ఇవా?” లిడియా ఒక పిల్ల పాదం పట్టుకుని పైకెత్తింది. “ఈ పంజా చూడు, రొట్టెంత ఉంది. ఈ మెడ చూడు. వీటి నాన్న ఎవడో కొండమీద గొర్రెలు కాస్తుంటాడమ్మాయ్.”

మీరిమ్ చూసింది. నిజమే.

“తల మీద ఈ మచ్చలేమిటి?”

నాలుగింటికీ నడినెత్తిన వేలి గోరంత బోడి.

“తామర. మందు రాశాను.” అని లిడియా ఆమె చెయ్యి పట్టుకుంది. “ఒక్కమాట. వీధివాళ్ళు ఇప్పటికే రెండు అర్జీలు పెట్టారు. మూడో కంప్లైంట్ నమోదైతే సాయంత్రానికి ఈ గేటుకి సీలు. నలభై మూడింటినీ మునిసిపాలిటీ వ్యాన్ ఎక్కించి ఊరవతల కాల్చేస్తారు. నీకు తెలుసుగా?”

తెలుసు. ఆ వ్యాన్ వెళ్ళిన రోజు ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. తుపాకీ చప్పుడు స్టేషన్ దాకా వినిపిస్తుంది.

“నాకు సాయంత్రం దాకా టైమివ్వండి.”

“నేనెవర్ని ఇవ్వడానికి? అవునూ, నీది కొత్త పెళ్ళట కదా. కుక్క కావాలని మాత్రం నన్నడక్కు. కొత్త పెళ్ళివాళ్ళకి నేనివ్వను. ఏడాదిలో బిడ్డ ఏడుపు మొదలవుతుంది, కుక్క వీధిలో పడుతుంది.”

మీరిమ్ చెవులు ఎర్రబడ్డాయి.

* * *

మధ్యాహ్నం ఒంటిగంట. బజారులో అష్లాన్-ఫూ బల్ల. పుల్లని చల్లని రసంలో జారిపోయే సేమ్యా. ఎదురుగా ఉలర్. ఇంకో రోజైతే ఇదొక్కటే చాలు ఆమెకు.

ఉలర్ తినడం లేదు. “చచ్చిపోయింది మనదేనా?”

“తెలీదు.”

“ఆ పెద్దమనిషి మాట నమ్మి నేనే నిన్ను ఒప్పించాను.”

“నువ్వు ఒప్పించలేదు. నేనే ఒప్పుకున్నాను. తిను.”

“తామర కూడా వచ్చిందంటున్నావు. పాపం.”

“అదే అర్థం కావడం లేదు. తామరైతే ఒకదానికి చెవి మీద, ఇంకోదానికి కాలి మీద రావాలి. అన్నిటికీ సరిగ్గా నడినెత్తినే. అంచులు కూడా చక్కగా కత్తిరించినట్టు...”

“మంగలి దగ్గరికి వెళ్ళొచ్చాయేమో,” అన్నాడు ఉలర్, నవ్వకుండానే.

మీరిమ్ చెంచా గాల్లో ఆగిపోయింది.

చెంచా వైపు చూసింది. ఫోన్ తీసింది. పొద్దున తీసిన కెన్నెల్ రిజిస్టర్ ఫోటో. పుట్టిన తేదీ సెప్టెంబర్ 3. వేళ్ళ మీద లెక్కపెట్టింది. నిన్నటికి ఎన్ని రోజులు?

“కారు తియ్యి,” అంది.

* * *

మూడున్నర. ఎసెన్‌కుల్ పెరడు.

కమిషన్ వచ్చి, తల్లి కుక్కను చూసి, జాలిపడి, టీ తాగి వెళ్ళిపోయింది. ఇప్పుడు పెరట్లో నలుగురే. ఎసెన్‌కుల్, అతని తల్లి, లిడియా, మీరిమ్. ఉలర్ గేటు బయట కారు దగ్గర ఆగాడు.

“ఈవిడని ఇక్కడికెందుకు తెచ్చావు?” అన్నాడు ఎసెన్‌కుల్. “లాకప్‌లో పెట్టాల్సింది పోయి.”

“తాళం ఎప్పుడు విరిగిందన్నారు?”

“పన్నెండూ ఇరవై. ఎన్నిసార్లు చెప్పాలి?”

“అప్పుడు వాన పడుతోంది. ఆ తాళం అప్పుడే కిందపడితే దాని కింద గడ్డి తడిగా, పచ్చగా ఉండాలి. ఇదిగో ఫోటో. తెల్లగా ఉంది. మంచు పట్టాక, ఆ మంచు మీద పడింది తాళం. అంటే నాలుగు దాటాక. పిల్లలేమో అయిదున్నరకే షెల్టర్ గేటు దగ్గర చలికి కొంకర్లుపోయి ఉన్నాయి, అంటే అక్కడికి చేరి చాలాసేపయింది. తలుపు తెరిచిన చేతికి తాళం విరగ్గొట్టే పని లేదు. తాళంచెవి ఉంది.”

ఎసెన్‌కుల్ షెడ్డు తలుపు వైపు చూశాడు.

“తాళం విరగ్గొట్టింది మీరు. తెల్ల వ్యాన్ లేనే లేదు. తెల్లవారుజామున షెడ్డుకి వెళ్ళారు. ఎందుకు వెళ్ళారు?”

“నా షెడ్డుకి నేనెందుకు వెళ్ళకూడదు?”

“ఆ పిల్లలు తైగాన్లు కావు. కమిషన్ చూస్తే కాగితం మీద మచ్చ. కమిషన్ చూడకముందే అవి మాయం కావాలి. మాయమయ్యాక మీ మీద ఎవరికీ అనుమానం రాకూడదు. కానీ మీరు వెళ్ళేసరికే షెడ్డు ఖాళీ. భయపడ్డారు. అనుకున్న నాటకమే ఆడేశారు. తాళం విరగ్గొట్టి, ఏమీ తెలియనట్టు ఏడూ పదికి మా ఆయనకి ఫోన్ చేసి మంచి కబురు చెప్పారు.”

“మరి పిల్లల్ని తీసింది ఈవిడే కదా!” వేలు లిడియా వైపు.

“లిడియా ఫ్యోదరోవ్నా, ఆ బోడి మచ్చలు దేనివల్ల అన్నారు?”

“తామర.”

“మన కిర్గిజ్ ఇళ్ళలో పుట్టినవాళ్ళెవరూ ఆ మాట అనరు. నలభయ్యో రోజున బిడ్డకి నలభై చెంచాల నీళ్ళు పోస్తారు. నడినెత్తిన పుట్టువెంట్రుకలు తీస్తారు. ఆ తర్వాతే బిడ్డ గడప దాటాలి. నిన్న ఆ పిల్లలకి నలభయ్యో రోజు.”

ఎసెన్‌కుల్ తల్లి వైపు తిరిగాడు.

“దొంగ ఎవడూ పుట్టువెంట్రుకలు తీయడు,” అంది మీరిమ్. ముసలావిడ వైపు చూడకుండానే అంది.

“చూడు తల్లీ. నా వైపు చూడు,” అంది ఉమ్సునాయ్. చెవులు బాగానే వినిపిస్తున్నాయి. “నేనే. వాడు ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నాను. గోనెసంచి, ఏరు, తెల్లారేలోపు అన్నాడు.”

“అమ్మా!”

“నలభై నిండందే ఎలా పంపను? సాయంత్రం నీళ్ళు పోశాను. వాన ఆగాక నడిచాను.”

ఎసెన్‌కుల్ కాలీడ్చుకుంటూ తల్లి ముందుకి వచ్చాడు. “నాన్న నలభై ఏళ్ళు కాపాడిన జాతి అమ్మా అది. ఒక్క కాపరి కుక్క కంచె దూకినందుకు ఊరంతా ఏమంటారు? ఎసెన్‌కుల్ ఇంట తైగాన్ లేదంటారు.”

“నువ్వు ఆ కాలుతోనే పుట్టావు,” అంది తల్లి. “నీకూ నలభై చెంచాలు పోశాను. నిన్నెవరూ ఏటికి పట్టుకుపోలేదురా.”

అతను గోడకి చేరగిలబడ్డాడు. మొహం కనపడకుండా టోపీ కిందికి లాక్కున్నాడు.

“పొద్దున్నే ఎందుకు చెప్పలేదు అవ్వా?” అడిగింది మీరిమ్.

“చెబితే వీడు జైలుకి పోతాడు. చెప్పకపోతే ఈ లిడియా పోతుంది. పొద్దుట్నించీ ఎటూ నోరు పెగల్లేదు.” లిడియా వైపు తిరిగింది. “అయిదూ పాలు తాగుతున్నాయా?”

లిడియా మీరిమ్ వైపు చూసింది. అబద్ధం ఆడనా అని అడుగుతున్న చూపు.

“నాలుగు,” అంది మీరిమ్.

ముసలావిడ తలూపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. “ఆ గేటు గంట కొట్టాల్సింది. ఏ మొహంతో కొట్టను అనుకున్నాను. మా ఇంటి కుక్కపిల్లల్ని తెచ్చి...”

లిడియా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. “నేనూ లేచి ఉండాల్సింది. నాలుగింటికి కుక్కలు మొరిగాయి. రోజూ మొరిగేవే కదా అని పడుకున్నాను.”

మీరిమ్ కాగితం తీసి లిడియా మీది కంప్లైంట్‌కి అడ్డంగా గీత గీసింది. సంతకం పెట్టింది. టైమ్ వేసింది. 4:10. ఆ గేటుకి ఇవాళ సీలు పడదు. రేపటి సంగతి తనకూ తెలియదు.

గేటు దగ్గర ఉలర్ నిలబడి అన్నీ విన్నాడు. మెల్లగా లోపలికొచ్చాడు. “ఇక నాకు తైగాన్ వద్దు,” అన్నాడు.

“అలా అనకు. కుక్క తప్పేం లేదు,” అంది మీరిమ్. “ఆ నాలుగింట్లో ఒకటి తెచ్చుకుంటే ఎక్కడిదని చెబుతావు? ఈ షెడ్డుదా, ఆ గేటుదా?”

ఉలర్ షెడ్డు వైపు చూశాడు, తర్వాత లిడియా వైపు.

“కొత్త పెళ్ళివాళ్ళకి ఇవ్వనన్నాను,” లిడియా కూర్చున్న చోటు నుంచే అంది. “ఇప్పుడూ ఇవ్వను. ముందు మీ ఇల్లు చూడాలి. మీ అత్తగారితో మాట్లాడాలి. బిడ్డ పుడితే కుక్క ఎక్కడ పడుకుంటుందో నాకు చూపించాలి.”

“పోలీసు ఇంటికే తనిఖీనా?” అన్నాడు ఉలర్.

“పోలీసైతే రెండుసార్లు.”

ఉమ్సునాయ్ బురద బూట్లలోనే లేచింది. కొడుకు వైపు ఒకసారి చూసింది. అతను తలెత్తలేదు.

“ఆ చిన్నదాన్ని ఇంకా పాతిపెట్టలేదుగా?” అడిగింది.

“లేదు,” అంది లిడియా.

మీరిమ్ నోట్‌బుక్ మూసింది. “ఎసెన్‌కుల్ గారూ, రేపు తొమ్మిదింటికి స్టేషన్‌కి రావాలి. తప్పుడు కంప్లైంట్ కేసు. తప్పదు.” తర్వాత ముసలావిడ చెయ్యి పట్టుకుంది. “అవ్వా, మీకోసం ఇవాళ సాయంత్రం ఆరింటికి కారు తెస్తాం. ముందు షెల్టర్ దగ్గర ఏటి గట్టున ఆ చిన్నదానికి గుంట తవ్వుదాం. పార మా ఆయన పట్టుకొస్తాడు. అక్కణ్ణుంచి లిడియా ఫ్యోదరోవ్నాని ఎక్కించుకుని, ఏడున్నరకి అందరం మా ఇంటికి. తనిఖీకి.”